83 గుర్రాలు కొని 30 గుర్రాలతో తోలుతూ, ఇంకో పది కొంటామంటే ఎట్లా?



ఈసారి యూరియా గురించి కాదు, మద్దతు ధర గురించి కాదు. కారు గురించి రాస్తున్నాను. "ఈయనకేం తెలుసు కార్ల సంగతి" అనుకునేవాళ్ళు అనుకోండి, ఇబ్బంది లేదు. నేను మెకానిక్‌ని కాదు. ఇంటర్ ఎంపీసీ చదివి, ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా రెండున్నర ఎకరాలు సొంతం, మూడెకరాలు కౌలు చేసుకుంటున్న మనిషిని. కానీ ఈ వ్యవహారంలో నా జేబులోంచి పోయిన డబ్బుంది చూశారూ, అది నాకు మాట్లాడే హక్కు ఇచ్చింది.

మన ఊళ్ళల్లో చిన్న కార్లు పెరిగాయి. మంచిదే. ముసలాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళాలన్నా, పెళ్ళికి పోవాలన్నా ఆటోవాణ్ణి బతిమాలే పని తప్పింది. నా గొడవ కారు కొనడం మీద కాదు. కొత్త కారు ఇంటికొచ్చి, ముందు కట్టిన బంతిపూల దండ వాడకముందే "దీనికి పవర్ చాలదు, ఇంకో ఇరవై గుర్రాలు పెట్టిద్దాం" అని మన కుర్రాళ్ళు టౌనుకి బయల్దేరుతున్నారు చూడండి, ఆ పిచ్చి మీద. ఫోన్లో ముప్పై సెకన్ల వీడియో చూస్తారు. కారు పొగ గొట్టం ఢాం ఢాం అంటుంది. అంతే, మర్నాడు నాన్న దగ్గరికొచ్చి డబ్బులడుగుతారు. నాన్నేమో మొక్కజొన్న అమ్మిన డబ్బులు లెక్కపెట్టి ఇస్తాడు. ఆ నాన్నల్లో నేనూ ఒకణ్ణి.

రెండేళ్ళ కిందట మావాడు ఒక లీటరు టర్బో పెట్రోల్ కారు తీసుకున్నాడు. కంపెనీ పేరు మనకి అనవసరం. ముందు కట్టాల్సింది నేను కట్టాను, మిగతాది బ్యాంకు వాయిదాలు. నాలుగు నెలలు తిరక్కుండానే "నాన్నా, 38 వేలు కావాలి, రీమ్యాప్ చేయిస్తాను" అన్నాడు. అదేదో సర్వీసింగు అనుకున్నాను నేను. వారంటీ అయ్యాక చేసేదో, అవ్వకముందు చేసేదో కూడా అడగలేదు. విత్తనాల బస్తా మీద తేదీ చూడకుండా ఒక్క బస్తా కొనని నేను, 38 వేలు ఊరికే తీసిచ్చాను. కాబట్టి ఈ తప్పులో సగం నాది, ముందే ఒప్పుకుంటున్నా.

సాయంత్రానికి ఒక గ్రాఫు కాగితం పట్టుకుని వచ్చాడు. పాత గీత, దానిపైన కొత్త గీత. 22 గుర్రాలు ఎక్కువ అని రాసి ఉంది. అబద్ధం అనను. నన్ను కూర్చోబెట్టుకుని బైపాస్ మీద ఒక తొక్కు తొక్కాడు, వీపు సీటుకి అతుక్కుపోయింది. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఖరీదు తర్వాత తెలిసింది.

మే నెల. మా బావగారింట్లో పెళ్ళి. అయిదుగురం ఎక్కాం, ఏసీ ఫుల్లు, మిట్ట మధ్యాహ్నం ఎండ. వంతెన ఎక్కేటప్పుడల్లా ఇంజన్లోంచి డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు చప్పుడు. "ఏంట్రా అది" అంటే "ఏం కాదు నాన్నా" అని పాటల సౌండు పెంచాడు. తిరుగు ప్రయాణంలో ఇంకో పది కిలోమీటర్లలో ఇల్లు చేరతామనగా ముందు పసుపు లైటు వెలిగింది, కారు ఒణకడం మొదలుపెట్టింది. లాగుడు పోయింది. పెళ్ళి బట్టలతో రోడ్డు పక్కన నిలబడి లారీ మీద కారు ఎక్కించుకుని వచ్చాం. విప్పి చూస్తే మూడు పిస్టన్లలో ఒకదాని అంచు విరిగి ఉంది. షోరూమ్ వాళ్ళు కంప్యూటర్ తగిలించి చూసి, లోపలున్న ప్రోగ్రామ్ మాది కాదు, వారంటీ వర్తించదు అన్నారు. బిల్లు 1,30,000. రీమ్యాప్ చేసినాయనకి ఫోన్ చేస్తే "మీవాడు తోలడం రాక పాడు చేసుకున్నాడు" అన్నాడు.

షోరూమ్ వాళ్ళని నేను తిట్టను. సంతకం పెట్టిన కాగితంలో ఆ మాట ఉంది, మనం చదవలేదు. లెక్క మాత్రం వేసుకున్నాను. 2024-25లో మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలుకి 2,225 రూపాయలు. ఆ ధర పూర్తిగా చేతికొచ్చిందనే అనుకుందాం. 58 క్వింటాళ్ళకు పైగా పంట ఆ ఒక్క పిస్టను తినేసింది. ఎరువు, నీళ్ళు, కూలి, కౌలు తీయకముందు లెక్క ఇది.

ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. అసలీ హార్స్‌పవర్ అంటే ఏంటి, అది ఎక్కడినుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది అని కూర్చుని చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. ఇంటర్ ఫిజిక్సు మళ్ళీ పైకొచ్చింది. తెలిసింది మీకు చెబుతాను. ఎక్కడన్నా తప్పుంటే మీలో ట్రాక్టర్ మెకానిక్కులున్నారు, చెప్పండి, దిద్దుకుంటాను.

ఆవిరి ఇంజన్లు అమ్ముకోడానికి జేమ్స్ వాట్ అనే ఆయన గుర్రంతో పోల్చి కొలత పెట్టాడు. ఇప్పుడు కారు పుస్తకంలో పీఎస్ అని రాసేది ఏంటంటే, 75 కిలోల బరువుని ఒక్క సెకనులో ఒక మీటరు పైకెత్తితే ఒక గుర్రం. 75 కిలోలు! మన వడ్ల బస్తా! దీనికన్నా తేలిగ్గా రైతుకి ఇంకెవరు చెప్పగలరు? 83 గుర్రాల కారు అంటే 83 బస్తాల వడ్లని సెకనులో మీటరు ఎత్తు లేపగల యంత్రం. అది మీ ఇంటి ముందు నిలబెట్టి ఉంది. అయినా "పవర్ లేదు" అంటున్నాం.

ఎందుకంటున్నాం? దీని మీదే నా అసలు గొడవ.

పాత స్విఫ్ట్ 1.2 పెట్రోల్ సంగతే తీసుకోండి, మన ఊళ్ళల్లో బోలెడున్నాయి. 83 గుర్రాలు, కానీ ఆ అంకె పక్కన చిన్న అక్షరాల్లో 6000 అని ఉంటుంది. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరిగినప్పుడే ఆ 83. టార్క్ అంటే మెలితిప్పే బలం, అది ఎక్కువలో ఎక్కువ 113, అదీ 4200 చుట్ల దగ్గర. టార్కుని చుట్లతో గుణించి 7022తో భాగిస్తే గుర్రాలొస్తాయి. వేసి చూడండి. 2000 చుట్ల దగ్గర ఆ 113 మొత్తం వచ్చిందనుకున్నా సరే, 32 గుర్రాలు. 32కి మించి రావు. 1500 దగ్గరయితే పాతిక కూడా లేవు.

ఇప్పుడు మనం ఎట్లా తోలుతున్నామో చెప్పండి. మైలేజీ వస్తుందని నలభై దాటగానే అయిదో గేరు. ముల్లు రెండు దాటితే ఇంజనుకి ప్రాణం పోతుందని భయం. అట్లా అరవై మీద పోతూ ముందున్న లారీని దాటాలని అయిదో గేరులోనే కాలు నేలకి నొక్కుతాం. కారు మూలుగుతుంది. "చూశావా, లాగట్లేదు, పవర్ లేదు" అంటాం. 83 గుర్రాలు కొని, పాతిక గుర్రాలని బండికి కట్టి, మిగతా 58 కొట్టంలోనే వదిలేసి, ఇంకో పది గుర్రాలు కొనడానికి టౌనుకి పోతున్నాం! మూడో గేరుకి దింపండి. ముల్లు రెండున్నర దాటుతుంది, అప్పటికప్పుడు నలభై గుర్రాలు అందుతాయి. ఇంకా తొక్కండి, ఇంకా వస్తాయి. రూపాయి ఖర్చు లేదు. పెట్రోల్ ఇంజను నాలుగువేల చుట్లు తిరిగితే పాడు కాదు, అందుకే తయారుచేశారు దాన్ని. పాడయ్యేది పెద్ద గేరులో తక్కువ చుట్ల మీద కాలు నొక్కిపెట్టి మూలిగిస్తే.

ఇది మనకి తెలియని విద్య కాదే! దమ్ము చేసేటప్పుడు కేజ్ వీల్సు తగిలించి మడిలోకి దింపిన ట్రాక్టరుని ఎవడన్నా టాప్ గేరులో తోలతాడా? తోలితే పక్క చేలోవాడు గట్టు మీదికొచ్చి తిడతాడు. లో సెకండ్ వేసి, చెయ్యి యాక్సిలరేటరు పైకి పెట్టి, ఇంజను పాడుకుంటూ పోయేట్టు చేస్తాం. బురదలో ఇంత తెలివైనవాళ్ళం, తారు రోడ్డెక్కగానే ఆ తెలివి ఎక్కడికి పోతుంది? (టర్బో కార్లలో కింది చుట్ల దగ్గరే టార్క్ వస్తుంది కాబట్టి ఈ బాధ తక్కువ. మావాడి కారు టర్బోనే. దానికి ఇంకా పెంచడం ఎందుకో వాడికే తెలియాలి.)

ఇక గుర్రాల్ని మనమే ఎట్లా చంపుతున్నామో చూడండి. ఆ స్విఫ్టు బరువు దాదాపు 875 కిలోలు. తోలేవాడు 70 కిలోలు వేసుకోండి. దానిమీద ఇంకో నలుగురు, డిక్కీలో హైదరాబాదులో ఉన్న పిల్లలకి నాలుగు పాతిక కిలోల బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు, కొబ్బరికాయలు. సుమారు 380 కిలోలు ఎక్కాయి. ఒక్కడే తోలేటప్పుడు ఉన్న చురుకుతో పోలిస్తే ఆ 83, దాదాపు 59 గుర్రాల కింద లెక్క. పాతిక గుర్రాలు పచ్చడి జాడీల కింద పడి పోయాయి. 38 వేలు పోసి మావాడు తెచ్చుకుంది 22.

ఎండ కూడా తింటుంది. గాలి వేడెక్కితే పలచబడుతుంది. 25 డిగ్రీల దగ్గర ఉన్న గాలికన్నా 45 డిగ్రీల గాలి నూటికి ఆరు పాళ్ళు పలచన. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే పద్నాలుగున్నర కిలోలకు పైగా గాలి కావాలి. గాలి తగ్గితే పెట్రోలూ తగ్గించాలి, గుర్రాలూ తగ్గుతాయి. ఏసీ కొన్ని గుర్రాలు లాక్కుంటుంది. టైర్లలో గాలి తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసినంత లేకపోతే కొన్ని. ఇక కోతల టైములో, వరి మిషన్ల వెనక, జొన్న చొప్ప దుమ్ములో తిరిగిన కారుకి ఎయిర్ ఫిల్టర్ తీసి చూశారా ఎప్పుడన్నా? నేను మా పక్కింటి వాళ్ళ కారుది తీసి దులిపితే పొయ్యిలో బూడిదంత వచ్చింది. కంపెనీ పుస్తకంలో ఇన్ని వేల కిలోమీటర్లకి మార్చమని ఉంటుంది, ఆ లెక్క పట్నం రోడ్లకి. మన దుమ్ముకి ముందే మార్చాలి. అయిదారు వందల పని.

ఇప్పుడు టౌన్లో అమ్మే సరుకు సంగతికి వద్దాం.

పెద్ద రంధ్రాల ఫిల్టరు అని ఒకటి అమ్ముతారు. గాలి ఎక్కువ లాగుతుందట. కొత్త కారుకి కంపెనీ ఇచ్చిన కాగితం ఫిల్టరు శుభ్రంగా ఉంటే దానికి కావాల్సినంత గాలి అది ఇస్తూనే ఉంది. ఆ డబ్బా పీకేసి బానెట్ కింద బోడిగా ఫిల్టరు బిగిస్తే అది లాగేది ఇంజను పక్కనున్న వేడి గాలి. వేడి గాలి ఏం చేస్తుందో పైన చెప్పాను. చప్పుడు మాత్రం బాగుంటుంది, బుస్సుమని. చప్పుణ్ణి బలం అనుకునే జబ్బు మనకి పాతదే. సైలెన్సరు మార్చడం కూడా అదే బాపతు. ముసలాళ్ళు, చంటిపిల్లలు ఉన్న వీధిలో రాత్రి పదింటికి ఆ గోల వినిపించి వచ్చే గుర్రాలు ఎన్నయ్యా అంటే వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఆ వేళ్ళు కూడా ఒక చేతివి చాలు.

కాలి కింద పెడల్ దగ్గర తగిలించే చిన్న పెట్టె ఒకటుంది. పదివేలట. అది పెట్టగానే కారు ఎగిరి దూకుతుంది. దానివల్ల ఒక్క గుర్రం కూడా పెరగదు, ఒక్కటంటే ఒక్కటి. మీరు కాలు కొంచెం నొక్కితే ఎక్కువ నొక్కినట్టు ఇంజనుకి చెబుతుంది, అంతే దాని పని. మీ కాలే ఇంకొంచెం నొక్కితే ఆ పదివేలు మిగులుతాయి. ఇది అమ్మేవాళ్ళకి నా నమస్కారం, అంత ధైర్యం నాకుంటే మిల్లు దగ్గర తరుగు తీసేవాడితో నెగ్గుకొచ్చేవాణ్ణి.

వెడల్పు టైర్లు, పెద్ద చక్రాలు. చూడ్డానికి బాగుంటాయి. కానీ చక్రం ఎత్తు పెరిగితే పెద్ద గేరు వేసినట్టే, లాగుడు తగ్గుతుంది. బరువు కూడా. పవర్ కావాలని పోయి పవర్ తగ్గించుకుని రావడం అన్నమాట. పైగా స్పీడు మీటరు తక్కువ చూపిస్తుంది.

ఇక రీమ్యాప్. ఇది ఉత్త మోసం కాదు, అందుకే ఎక్కువ ప్రమాదం. టర్బో లేని చిన్న పెట్రోలు కారుకి చేస్తే వచ్చేది స్వల్పం, ఎందుకంటే అది పీల్చే గాలి ఎంతో బయటున్న వాతావరణమే తేలుస్తుంది, కంప్యూటరు కాదు. టర్బో ఉంటే మాత్రం గాలి ఒత్తిడి పెంచి, నిప్పు పడే సమయాన్ని ముందుకు జరిపి, నిజంగానే గుర్రాలు పెంచుతారు. షాపులో మావాడికి చెప్పిన మాట ఏంటంటే, "కంపెనీ వాళ్ళు గుర్రాలకి తాళం వేసి దాచిపెడతారు, మేం తాళం తీస్తాం." ఎంత బాగుందో చూడండి మాట! దాచిన సొమ్ము నీదే, తీసిస్తాను, కూలి ఇవ్వు అన్నట్టు.

దానికి నా జవాబు కాలవ కట్ట. కాలవలో నీళ్ళు నిండుగా పారేటప్పుడు కూడా కట్ట రెండు మూడడుగులు పైకి ఉంటుంది. ఎందుకు? ఆ మట్టి దండగా? ఎవడన్నా వచ్చి "ఇంజనీరు మీకు రావాల్సిన నీళ్ళు దాచాడు, కట్ట అంచుదాకా నింపేద్దాం, ఇంకో నాలుగు మడులు తడుస్తాయి" అంటే మనం ఊరుకుంటామా? తుఫాను నాడు, గండి పడే రోజు కోసం ఆ ఎత్తు. ఇంజన్లో మిగిల్చిన బలం కూడా అంతే. మే నెల ఎండ కోసం, అయిదుగురు ఎక్కిన రోజు కోసం, ఎక్కడో పాడు పెట్రోలు పోయించుకున్న రోజు కోసం, నాలాంటివాడు తప్పు గేరులో తోలే రోజు కోసం కంపెనీ వదిలిపెట్టిన జాగా అది. మావాడి కారుకి సరిగ్గా ఆ జాగా తీసేశారు. డబ్బాలో గులకరాళ్ళ చప్పుడు అంటే, లోపల పెట్రోలు నిప్పు పడాల్సిన పద్ధతిలో కాకుండా తనంతట తనే పేలి పిస్టన్ని సుత్తితో కొట్టినట్టు కొడుతోందని అర్థం. కట్ట మీదుగా నీళ్ళు పొర్లాయి, గండి పడింది.

"ఫలానావాడు చేయించుకున్నాడు, రెండేళ్ళయింది, ఏం కాలేదు" అంటారు. నిజమే కావచ్చు. బీమా కట్టకుండా మూడేళ్ళు పంట ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు కూడా మన ఊళ్ళో ఉన్నారు. ఇంకో సంగతి, కోయంబత్తూరు దగ్గర కరి, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకుల మీద పందాలకి తోలేవాళ్ళున్నారు. వాళ్ళు గుర్రాలు పెంచుతారు, పిస్టన్లు మారుస్తారు, బ్రేకులు మారుస్తారు, ఇంజను పోతే ఇంకోటి పెడతారు. అది వాళ్ళ వృత్తి, వాళ్ళ డబ్బు. వాళ్ళతో నాకు పేచీ లేదు. వాయిదాలు కట్టే కారుతో ఆ ఆట ఆడొద్దంటున్నా.

ఎక్కువ గుర్రాలే కావాలనుకుంటే కొనేరోజే కొనండి. ఇనుములో తేడా ఉంటుంది, ఒక్క ప్రోగ్రాములో కాదు. పాత స్విఫ్టు డీజిల్లో ఉన్న 1248 సీసీ ఇంజను 75 గుర్రాలది. అదే 1248 సీసీ సియాజ్‌లో, బ్రెజ్జాలో 90 ఇచ్చింది. అంకె మార్చి ఇవ్వలేదు, వేరే రకం టర్బో పెట్టి ఇచ్చారు. 2022లో ఆగిపోయిన పోలో కారులో ఒక లీటరు ఇంజను టర్బో లేకుండా 76, టర్బోతో 110. టర్బో పెట్టాక దానికి తగ్గట్టు మిగతా సామాను కూడా సరిచూసి, వారంటీ కాగితం చేతికిచ్చి అమ్మారు. రెండు రకాలకీ ఉన్న ధర తేడా చూసి కొనుక్కోవడం తెలివి. తక్కువది కొని తాళం తీయించుకుంటాననడం, చిన్న ట్రాక్టరు కొని పంపు పెంచుకోవడం లాంటిదే.

పంపు మాట వచ్చింది కాబట్టి నా పాపం కూడా చెప్పేస్తా. కుర్రతనంలో మా చిన్నాన్న ట్రాక్టరు నేను తోలేవాణ్ణి. పక్క ఊరోడి ట్రాక్టరు మాదాన్ని దాటిపోతోందని డీజిల్ పంపు స్క్రూ తిప్పించాను. పొగ గొట్టంలోంచి నల్లటి పొగ మేఘంలా లేచేది. అది చూసి ఛాతీ విరుచుకునేవాణ్ణి. ఆ నలుపు మండకుండా పోతున్న డీజిలేనని చెప్పినవాడు లేడు, చెప్పినా వినే వయసు కాదు. ఆ సీజన్లోనే హెడ్ గాస్కెట్ పోయింది. దమ్ముల మధ్యలో వారం రోజులు ట్రాక్టరు ఆగింది. చిన్నాన్న నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మావాడిని నేను గట్టిగా తిట్టలేకపోయింది అందుకే. ఇప్పుడు కూడా మనలో ఎంతమంది ఇళ్ళల్లో పంపు పెంచిన ట్రాక్టర్లున్నాయో మీకు తెలుసు, నాకు తెలుసు. కొడుకుల్ని తిట్టేముందు అది చూసుకుందాం.

చట్టం సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, కంపెనీ తయారుచేసిన వివరాలకి తేడా వచ్చేట్టు బండిని మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. అదే ఏడాది సవరణలో 182ఎ సెక్షన్‌ని మార్చి రాశారు. అనుమతి లేని మార్పు చేస్తే యజమానికి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కారు ఎవరి పేరున ఉందో చూసుకోండి. మన ఇళ్ళల్లో చాలా కార్లు నాన్నల పేరునే ఉంటాయి. ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పకుండా చేసిన మార్పు యాక్సిడెంటు రోజున బయటపడితే, క్లెయిము దగ్గర కొర్రీ వేయడానికి వాళ్ళకి అంతకన్నా మంచి సాకు దొరకదు.

డబ్బు పోతే పోయింది. అసలు భయం ఇది. గుర్రాలు పెంచినవాడు బ్రేకులు పెంచడు. 80 మీద పోయే కారుకన్నా 100 మీద పోయే కారులో ఆపాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది, వేగాన్ని వేగంతోనే గుణించాలి కాబట్టి. అవే బ్రేకులు, అవే టైర్లు. రోడ్డేమో మనది. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెట్టి ఉంటాయి. సాయంత్రం ఇంటికొచ్చే గేదెలు కాలవ గట్టు దిగి ఒక్కసారిగా అడ్డమొస్తాయి. చీకటి పడ్డాక గడ్డి ట్రాలీలు, వెనక లైటు ఉండదు, రేడియం ముక్క ఉండదు. ఆ రాళ్ళు పెట్టింది ఎవరు? మనమే. ఆ ట్రాలీ ఎవరిది? మనదే. రీమ్యాప్ చేయించిన కొత్తలో మావాడు ఒక రాత్రి మా రెండో పేట వాళ్ళ ట్రాలీని చూసుకోక, చివరి క్షణంలో పక్క బోదెలోకి దించేశాడట. ఆ సంగతి నాకు చెప్పింది పిస్టను పోయిన తర్వాత. 22 గుర్రాలు ఎక్కువ లేకపోతే ఆ మలుపులో అంత వేగం వచ్చేది కాదని వాడే అన్నాడు.

ఇప్పుడు కారు మళ్ళీ కంపెనీ ప్రోగ్రాముతోనే తిరుగుతోంది. బాగుచేయించిన అప్పు ఈ రబీతో తీరొచ్చు. పోయిన వారం మా వీధి చివర కుర్రాడు కొత్త కారు తెచ్చుకుని, "మావయ్యా, దీనికి ఏం చేయిస్తే బాగా లాగుద్ది?" అని నా దగ్గరికే వచ్చాడు. మావాడి గ్రాఫు కాగితం, షోరూమ్ బిల్లు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. తర్వాత వాడి పక్క సీట్లో కూర్చుని వంతెన ఎక్కేటప్పుడు మూడో గేరు వేయించాను. దిగాక టైర్లలో గాలి కొలిపించాం, నాలుగింట్లోనూ తక్కువే ఉంది.

అన్నట్టు, ట్రాలీలకి అంటించే ఎర్ర రేడియం టేపు టౌన్లో ఎవరన్నా తెస్తుంటే నాకూ ఒక చుట్ట తీసుకురండి. డబ్బులు ఇచ్చేస్తాను. మాదానికి కూడా వెనక ఏమీ లేదు.